షట్టర్ మీది నంబరు

నవత తడి గోనెసంచిలోంచి బీడీలు చుట్టే తునికాకు తీసి కత్తిరిస్తుంటే అత్త రేణుకమ్మ వచ్చి ఫోను చాటలో పడేసింది.

"సూడు. నీ పాటల జాగల ఏమున్నదో సూడు. మావోని ఇజ్జత్ బజార్ల వెట్టినవ్."

నవత చేతులు కొంగుకు తుడుచుకుని చూసింది. తన వెబ్‌సైటే. పైన పేరు అదే. పేరు కింద పేకాట ముక్కలు, బట్టల్లేని ఆడవాళ్లు, మగతనం మందులు. ఏ పాట మీద నొక్కినా అవే. ఎవడో లోపలికి చొరబడ్డాడు.

బీడీలు చుట్టే ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని పాడుకునే పాటలు అందులో పెట్టుకుంది. వినేవాళ్లు తక్కువ. అయినా అది తనది. ఈ ఇంట్లో పొయ్యి అత్తది, మంచం మొగుడిది, చుట్టిన బీడీల పైసలు ఇద్దరివీ. ఆ సైటులో తల్లి శంకరమ్మ గొంతు ఉంది. శంకరమ్మకు గొంతులో పుండు లేచి ఆపరేషన్ చేశారు. మాట పోయింది. నవీపేట్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. ఆపరేషన్‌కు ముందే, పాటలున్న నవత పాత ఫోనును భర్త భానుప్రసాద్ ఒక్క మాటైనా అడగకుండా ఫోన్ల దుకాణంలో ఇచ్చేసి తనకు కొత్తది తెచ్చుకున్నాడు. "పాటలే గదా, మల్ల పాడుతది మీ అవ్వ" అన్నాడు. మళ్లీ పాడలేదు. ఆ గొంతు ఇప్పుడు సైటులో తప్ప ఎక్కడా లేదు.

పాస్‌వర్డ్ కొట్టింది. తెరుచుకోలేదు. దొంగ మార్చేశాడు. సైటు కంపెనీకి రాస్తే, మొదట్లో ఇచ్చిన నంబరుకే కోడ్ వస్తుందన్నారు. ఆ నంబరు తనది కాదు. "ఆడోళ్ల నంబర్ నెట్ల వెడ్తరా? నాది ఇయ్యి" అన్నాడు భానుప్రసాద్ ఆనాడు. అది తన మీద అక్కర అనుకుంది. సంతోషపడింది కూడా.

ఫోన్ చేసి కోడ్ అడిగింది.

"దుకాన్‌కు రా. నా ముందట మొత్తం తీసెయ్. కోడ్ గందుకే ఇస్త, ఇంకో దానికి గాదు."

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ బందయ్యాక అతను పెట్టుకున్న మోటార్ల రిపేరు దుకాణం. నవత వెళ్లేసరికి బల్ల మీద రామ్‌దాస్ కూర్చుని ఉన్నాడు. చెరుకు తోట మోటారు కాలిపోయి తెచ్చాడు.

"వదినె మస్తు మాల్ వెట్టిందన్నా, నేను గుడ సూసిన" అన్నాడు.

భానుప్రసాద్ నవ్వాడు. రామ్‌దాస్ అన్న మాట కాదు, ఈ నవ్వు తగిలింది.

తల తిప్పుకుంది. ఎదురుగా షట్టర్. దాని మీద ఎర్ర రంగుతో దుకాణం పేరు, కింద చేతి మందం అంకెలతో నంబరు. ఇంట్లో అందరి పాస్‌వర్డూ ఆ నంబరే. "దాపరికం లేని ఇల్లు మనది, అందరికి ఒక్కటే ఉండాలె" అని పెట్టించాడు. సైటు కింద దుకాణం నంబరు కూడా వేయించాడు, ప్రచారానికి. తాళంచెవి బజార్లో వేలాడదీసినట్టే. దొంగకు కష్టం లేకపోయింది. ఇజ్జత్ తీసింది మాత్రం తనేనట.

ఫోను తీసి కోడ్ పంపమని నొక్కింది.

అతను కోడ్ అంకెలు రామ్‌దాస్ ముందే గట్టిగా చదివాడు. సైటు తెరుచుకుంది. ముందు పాస్‌వర్డ్ మార్చింది. తర్వాత అతని నంబరు తీసి తనది పెట్టింది. అప్పుడు చెత్త తీయడం మొదలుపెట్టింది. బీడీ కంపెనీవాళ్లు బాగాలేవని తిప్పి కొడితే దారం విప్పి, తంబాకు దులిపి, చిరగని ఆకు దాచుకోవడం చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇదీ అట్లాగే చేసింది. చాలా పాటలు లేవు. తల్లివి మూడుండాలి. ఒకటి మిగిలింది. నడుమ దగ్గు వచ్చే పాట. ఆ దగ్గు కోసెయ్యాలని ఒకప్పుడు అనుకుంది.

"అయిందా? మొత్తం తీసేసినవా?"

"చెత్త తీసేసిన. నీ నంబర్ తీసేసిన. అవ్వ పాట ఉంచిన."

రామ్‌దాస్ మోటారు వైపు చూస్తున్నాడు.

"పాస్‌వర్డ్ ఏం వెట్టినవ్?" అన్నాడు భానుప్రసాద్.

నవత లేచింది.

"ఏమే, నిన్నే! ఇంటికి నడువ్, చెప్త."

రోడ్డు దాటి నవీపేట్ బస్సెక్కింది.

శంకరమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తమ్ముడి భార్య తంబాకు ముట్టనివ్వదు. అయినా ఖాళీ చాట ఒళ్లోనే ఉంటుంది. నవత పాట పెట్టింది. దగ్గు వచ్చిన చోట శంకరమ్మ చెయ్యి గొంతు మీదికి పోయింది. తర్వాత వేలు చాట మీద తాళం పట్టింది.

పాట నడుమ ఫోన్ మోగింది. భానుప్రసాద్. కట్ చేసింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది. శంకరమ్మ అర్థమైనట్టు కూతురి మొహంలోకి చూసింది.

"ఇయ్యాల ఈడనే ఉంట అవ్వా" అంది నవత. "రేపటి సంగతి రేపు జెప్త."

పాట మొదటి నుంచి పెట్టింది.