హేమశ్రీ పేరుకెదురుగా సున్నా

ఇంతవరకూ ఒక్క ముక్కా రాసి ఎరగను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

రాజమండ్రిలో హేమశ్రీ ఓ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు. పొద్దున్నే ఇడ్లీ తింటుంటే ఆమెకి పొలమారేది. ఎవరికైనా పొలమారితే నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటాం కదా. హేమశ్రీకైతే ఆ తలుచుకున్నవాళ్ళ గొంతే నోట్లోంచి వచ్చేసేది.

"చేలో ఉప్పు తేలితే జీలుగ చల్లరా. పూత రాకముందే దున్నెయ్యమని హేమశ్రీ మేడం చెప్పారు" అని ఏ రైతు గొంతో బొంగురుగా పలికేది.

తల్లి అన్నపూర్ణమ్మ నెత్తిన తట్టి, "ఉప్పాడవైపు యాసలా ఉందే. చట్నీ వేసుకో" అనేది.

ఆ జీలుగ పచ్చిరొట్ట సంగతి మీదే హేమశ్రీ ఉప్పాడవైపు చేలగట్లన్నీ తిరిగి పరిశోధన పేపరు రాసింది. కానీ చదువుకున్నవాళ్ళు ఇంకో పేపర్లో దాని పేరెత్తితేనే లెక్కట. దేశం మొత్తం లెక్క ఓ కంప్యూటర్లో ఉంటుందట. అందులో ఆమె పేరుకెదురుగా సున్నా. సున్నా అయితే ఉద్యోగం పొడిగించరు.

"మేడం, మీ పేపర్లో నా పేపర్ల పేర్లెత్తండి, నా దాంట్లో మీ పేరెత్తుతాను. పెళ్ళిలో చదివింపులు లేవా, అలాగే" అన్నాడు సీనియరు ఉదయ్‌భాస్కర్.

"మీరు రాసేది సిమెంటు గురించి కదండీ. పిలవని పెళ్ళికి చదివింపులేంటి?" అంది హేమశ్రీ.

ఆ లెక్కల తనిఖీకి ఓ పెద్దాయన వచ్చాడు. ప్రిన్సిపాల్ జోగేశ్వరరావు గారి గదిలో టీ ఇచ్చారు. "సున్నా ఏంటమ్మా?" అని ఆయన అడుగుతుండగానే హేమశ్రీకి పొలమారింది.

"నారుమడంతా ఉప్పు తేలిపోయిందిరా. ఆ మేడం ఒక్కసారొచ్చి చూస్తే బావుణ్ణు. లేకపోతే ఈ ఏడూ చేను బీడే" అంది మగ గొంతు.

"ఎవరండీ?" అన్నాడు పెద్దాయన, మంచినీళ్ళు అందిస్తూ.

"ఉప్పాడ అబ్బులు గారండి."

"పాపం. కానీ పేపర్లో తలుచుకోవాలమ్మా. పొలమారితే వేసుకోడానికి మా కంప్యూటర్లో గడి లేదు."

"లేకపోతే ఆ సున్నా మీ కంప్యూటరుకే వేసుకోండి. నాకొద్దు."

జోగేశ్వరరావు గారు టీ కప్పు కింద పెట్టేసి అడ్డొచ్చారు. "తొందరపడకండమ్మా. రేపు పదింటికి రండి. ఉదయ్‌భాస్కర్ గారూ మీరూ కూర్చుని ఒకరి పేరొకరు ఎత్తుకుంటే సరిపోద్ది. లేదా, ఇక నా చేతిలో ఏం లేదు."

మర్నాడు తెల్లారగానే హేమశ్రీ సామర్లకోట మీదుగా వెళ్ళే బస్సెక్కేసింది. పదింటికి ఫోను మోగింది. ప్రిన్సిపాలు గారు. కట్ చేసేసింది. అప్పటికే ఉప్పాడ చేలగట్టు మీద ఉంది.

"అబ్బులు గారూ, నిన్న పిలిచారు కదండీ."

"పిలిచానండి. టీ తాగుతున్నట్టున్నారని ఇంక ఆపేశాను. రండి, చెప్పులక్కడే వదిలెయ్యండి."

హేమశ్రీ కుచ్చిళ్ళు ఎగదోపి మడిలోకి దిగింది. చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకుంది.