మా మామకు వాత పెడతారంట

మా పెద్దమామ పుల్లయ్య పొద్దున్నే వచ్చి మా గొర్రెల దొడ్డి ముందు నిప్పులు రాజేశాడు. అందులో ఇనపకడ్డీ గుచ్చాడు. ఎవరికని అడగక్కర్లేదు, ఊళ్లో కొన్నాళ్లుగా అదే మాట. నాకు ఒళ్లు మండిపోయింది.

గొర్రెలకు తిరుగుడు రోగమని ఒకటి వస్తుంది. అది తగిలిన గొర్రె తల ఒక పక్కకు వంచి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. చచ్చాక తల కోస్తే మెదడులో నీటిబుగ్గ కనిపిస్తుంది. ఆ నీరు ఇంకిపోతుందని మావాళ్లు కడ్డీ ఎర్రగా కాల్చి దాని నుదుటి మీద వాత పెడతారు. పుల్లలచెరువు చుట్టుపక్కల ఆ పనిలో పేరు మా మామ అంకయ్యదే. ఆయన వాతకు బతికిన గొర్రెల గురించి అందరూ చెబుతారు గానీ, చచ్చినవాటి ఊసు ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు మామే తిరుగుతున్నాడు. దొడ్డి చుట్టూ తిరిగి తిరిగి ఇంటి వాకిలి ఎటో తెలియక నిలబడిపోతాడు. తిని చెయ్యి కడుక్కున్న కాసేపటికే అన్నం పెట్టలేదని నాతో పోట్లాడతాడు. మార్కాపురంలో చూపించి స్కానింగ్ తీయించాం. డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించింది. మెదడు కుంచించుకుపోయిందట, జ్ఞాపకాలు నిలిచే చోటే ముందుగా దెబ్బతిందట, ఖాళీ అయిన చోట నీరు చేరిందట. మందులు కాస్త ఆసరాగా ఉంటాయి, నయం కావడం మాత్రం ఉండదు అంది. మా ఆయన శ్రీను ఇంటికొచ్చి అందులో ఒక్క ముక్కే పెద్దమామకు చెప్పాడు, "నాయన తలకాయలో నీళ్లున్నాయంట" అని. ఇంకేం, పెద్దమామకు రోగం దొరికింది, మందూ దొరికింది.

"పెద్దమామా, ఆ కడ్డీ తీసేయ్," అన్నాను.

"నువ్వు లోపలికి పో యశోదా. ఇది మగోళ్ల పని."

"గొర్రె తల్లో బుగ్గ పుట్టి మెదడును నొక్కుతాది. మామకు అట్ల కాదు. కురిడీలో కొబ్బరి ఎండి చిప్పను వదిలేస్తాది చూడు, అట్ల అయింది. ఆ సందులోకి నీళ్లు వచ్చినాయి. కాలిస్తే ఎండిన కొబ్బరి మళ్లీ పచ్చిది అయితాదా?"

"డాక్టరు నయం కాదని చెప్పింది గదా! చేతులు ముడుచుకోని కూచోమంటావా? నా తమ్ముడమ్మా వాడు."

ఆయన కడ్డీని నిప్పుల్లోకి ఇంకా లోపలికి తోశాడు. ఉన్న ప్రేమంతా ఆ కడ్డీలోనే పెట్టుకుని వచ్చాడు, అదే నాకు వచ్చిన తంటా. పగవాడైతే చీపురు తిరగేసి పంపేదాన్ని.

శ్రీను వైపు చూశాను. వాళ్ల నాయన బాధ చూడలేక పదిమంది మాటా వినే రకం. నేల చూపులు చూస్తూ, "ఒక్కసారి పెట్టి చూస్తే ఏం పోతాది యశోదా," అన్నాడు.

"నీ నుదుటి మీద పెట్టించుకో, ఏం పోతాదో తెలుస్తాది."

ఇంతలో మామ బయటికి వచ్చాడు. నిప్పుల్లో కడ్డీ చూడగానే ఆయన మొహం తేటపడింది. పంచె ఎగ్గట్టి, తలగుడ్డ విప్పి చేతికి చుట్టుకుని, ఎవరూ ఆపేలోగా కడ్డీ అందుకున్నాడు. నా పేరు కూడా గుర్తులేని మనిషి! కొన ఎరుపు చూసి తృప్తిగా తలాడించాడు.

"బాగా కాలింది. అన్నా, కాళ్లు నువ్వు పట్టుకో. రేయ్ శ్రీనూ, తల కదలనీయమాక." చుట్టూ చూశాడు. "గొర్రె ఏదిరా?"



"చెప్పు పెద్దమామా," అన్నాను. నాకు ఏడుపు వస్తోంది, అయినా గొంతు తగ్గించలేదు. "నీ తమ్ముడు అడుగుతుండాడు. గొర్రె ఏదో చూపియ్యి."

పెద్దమామ నిప్పుల దగ్గర్నించి రెండడుగులు వెనక్కి వేశాడు. శ్రీను మెల్లగా వెళ్లి వాళ్ల నాయన చేతిలోంచి కడ్డీ తీసుకుని దూరంగా పారేశాడు. నేను బిందెడు నీళ్లు తెచ్చి నిప్పుల మీద కుమ్మరించాను. బుస్సుమని బూడిద లేచింది.

"ఎవురు నువ్వు? నిప్పెందుకు ఆర్పినావు?" మామ నా మీద అరిచాడు.

"నీ కోడల్ని మామా. రేపు మళ్లీ అడుగు, మళ్లీ చెప్తా," అన్నాను. తర్వాత పెద్దమామ వైపు తిరిగాను. "నువ్వూ రేపు మళ్లీ రాజేసుకో. మళ్లీ ఆర్పుతా."