కాటయ్య ఎవరో తెలీదన్నాను

అద్దె చట్టం గురించి నాకు తెలిసిందంతా మా ఇంటి ఓనరు విజయకుమార్ నేర్పిందే. మద్రాసు చూలై పేటలో ఆయనకు ఆరు పోర్షన్ల ఇల్లుంది. అందులో ఒకటి నాది, గోడకు అవతలిది మునియక్కది. పాతవాళ్ళను ఒక్కొక్కరినీ పంపేసి కొత్తవాళ్ళను పెట్టుకోవాలని ఆయన ఆశ.

"ఊరికే ఖాళీ చెయ్యమంటే కోర్టు ఒప్పుకోదు చిన్నస్వామీ. మునియక్క నన్ను అడక్కుండా ఇంకొకరికి అద్దెకిచ్చిందంటే మాత్రం ఒప్పుకుంటాది," అన్నాడు తొంభై మూడులో ఒక ఆదివారం, మా ఇంట్లో కాఫీ తాగుతూ. "నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. నీ జోలికి నేను రాను."

ఆ ఇంకొకరు కాటయ్య, మునియక్క సొంత తమ్ముడు. ఎన్నూరులో బొగ్గు మోసి మోసి ఊపిరితిత్తులు పాడై అక్క దగ్గరికి వచ్చాడు. వచ్చిన రోజు బస్టాపు నుంచి అతని రేకుపెట్టె మోసుకొచ్చింది నేనే. ఆ పూట వాళ్ళింట్లో చేపల పులుసు తిన్నదీ నేనే.

నేను బైండింగు షాపులో పనివాణ్ణి. ఇద్దరు ఆడపిల్లలు. ఈ ఇల్లు పోతే మద్రాసులో నాకు ఇంకో గది దొరకదు. ఇవన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ వెంటబెట్టుకునే బోనెక్కాను.

"కాటయ్య ఆమెకు తమ్ముడని మీకు తెలీదా?" అని మునియక్క వకీలు అడిగాడు.

"తెలీదు సార్. ఎవరో అద్దెకుండాడు."

నాలుక మడతపడలేదు. మునియక్క వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. కోపంగా చూస్తుందనుకున్నాను. చూడలేదు, తల వంచుకుంది. తప్పు చేసింది తనైనట్టు.

పుట్టిన కాగితాలే లేని మనుషులు తోబుట్టువులమని ఏం చూపిస్తారు? కేసు పోయింది. ఖాళీ చెయ్యడానికి రెండు నెలల గడువిచ్చారు.

ఆ రెండు నెలలూ పొద్దున చేతిపంపు దగ్గర నన్ను చూడగానే కాటయ్య తన బిందె పక్కకు జరిపేవాడు. "నువ్వు పట్టుకో అన్నా, పనికి పొయ్యేవోడివి," అనేవాడు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. నీళ్ళు మాత్రం పట్టుకునేవాణ్ణి.

గడువు ముగిసే వారంలోనే మా చెల్లెలు అలివేలుమంగ చింతాద్రిపేట నుంచి వచ్చింది. మొగుడు పోయాక అత్తింటివాళ్ళు పెట్టె చేతికిచ్చి పంపేశారు. నా ఇల్లు తప్ప దానికి ఇంకో గడప లేదు.

మునియక్క ఖాళీ చేసే రోజు తాళంచెవి తీసుకోవడానికి విజయకుమార్ వచ్చాడు. మా వాకిట్లో బియ్యం చెరుగుతున్న చెల్లెల్ని చూసి ఆగాడు.

"ఎవురీమె?"

"నా చెల్లెలు సార్."

"అందరూ తమ్ముళ్ళు, చెల్లెళ్ళేగా," అని నవ్వాడు. "ఈమెను పెట్టుకుంటానని నా దగ్గర రాయించుకున్నావా? కోర్టుకు పొయ్యే దోవ నీకు తెలుసులే."

చెల్లెలు చేట కింద పెట్టేసింది. ఎవరైనా ఒక్క మాట చెబుతారేమోనని చుట్టూ చూశాను. మిగతా పోర్షన్లవాళ్ళకు ఒక్కసారిగా ఇళ్ళల్లో పనులు గుర్తొచ్చాయి. వాళ్ళను ఏమనడానికి నాకు నోరెక్కడిది?

వాకిట్లో మూటలు కట్టుకుంటున్న మునియక్క లేచి వచ్చింది. తాళంచెవి విజయకుమార్ చేతిలో పెట్టింది.

"ఆయమ్మ ఇతని చెల్లెలే సార్. పెండ్లికి నేనే కూర్చోని పూలు కట్టినాను. యాడికొచ్చి చెప్పమన్నా చెప్తాను," అంది.

ఆయన తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కాళ్ళ మీద పడదామనుకున్నాను, పడలేదు.

తోపుడుబండి మీదికి ఆఖరున రేకుపెట్టె ఎక్కించాలి. దాని పిడి పట్టుకున్నాను. కాటయ్య మెల్లగా నా చెయ్యి తీసేసి, దగ్గుతూనే తనే ఎత్తుకున్నాడు.

"కేసు గీసు అంటే నాకు కబురు పెట్టు చిన్నస్వామీ, వస్తాను," అంది మునియక్క.

తలూపాను. బండి సందు మలుపు తిరిగిపోయింది. లోపలికి వచ్చాక చెల్లెలు అడిగింది, "వాళ్ళు యాడికి పోతుండారు అన్నా?"

రెండు నెలల్లో ఒక్కసారి కూడా నేను అడగలేదు.