పాటలో ఆవిడ

పాపాయమ్మ పొయ్యి మీంచి చేపల పులుసు దింపుతుండగా వీధరుగు మీద గంగబాబు పాట ఎత్తుకున్నాడు. పడవ నడిపే రోజుల నుంచీ తెల్లవారుతూనే పాడటం అతనికి అలవాటు. వంతెన వచ్చి రేవు మూతపడ్డాక పడవ పోయింది గాని పాట పోలేదు. ఓడలరేవు భజనలో తత్వాలు పాడాలంటే ఇప్పటికీ అతనే పాడాలి.

ఆ పాటలో ఒక ఆడమనిషి ఉంటుంది. స్వామి కోసం ఏటి ఒడ్డున కూర్చుని ఎదురుచూస్తుంది. నిద్రపోదు. దిగులుతో చిక్కి సగమైపోతుంది. చేతి గాజులు జారి నీళ్ళలో పడిపోతాయి. గంగబాబు ఆవిడే తానైనట్టు పాడతాడు. స్వామి రాలేదన్నచోట అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరుగుతాయి. వినేవాళ్ళు కండువాలతో కళ్ళద్దుకుంటారు.

పెళ్ళయిన నాటి నుంచీ పాపాయమ్మ ఆవిడతో కలిసే కాపురం చేస్తోంది. ఎన్నడూ ఏమీ అడగలేదు. ఇవాళ క్యారేజీ మూత బిగిస్తూ, ఎందుకో అడిగింది.

"ఏవండీ, ఆవిడ అన్నం ఎప్పుడు తింటాదండీ?"

పాట ఆగింది. "ఎవరే?"

"మీ పాటలో ఆవిడండీ. ఎప్పుట్నించో ఒడ్డునే కూకుంది గదా."

గంగబాబు నవ్వాడు. "ఆవిడ ఆడది కాదే పిచ్చిదానా. జీవుడు. దేవుడి కోసం ఏడుస్తాది. మా గురువుగారు చెప్పేరు."

"ఆయ్. జీవుడైతే మరి గాజులెందుకండీ?"

అతను ఏదో చెప్పబోయేలోగా రోడ్డు మీద రొయ్యల షెడ్డు వ్యాను హారన్ మోగింది. ఆమె క్యారేజీ పట్టుకుని పరుగెత్తింది. వెనక మళ్ళీ పాట వినిపించలేదు.

షెడ్డులో పొడుగాటి బల్లల మీద ఐసు పొగలు కక్కుతోంది. ఆ తెల్లటి పొగలో ఆడవాళ్ళ మొహాలు దగ్గరవే అయినా దూరంగా, ఏటికి అవతల ఉన్నట్టు కనిపిస్తాయి. ఐసులో చెయ్యి పెట్టి రొయ్య తియ్యాలి, తల తుంచాలి, మళ్ళీ ఐసులో చెయ్యి. కాసేపటికి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియదు. ఏళ్ళ తరబడి ఆ చలికి పాపాయమ్మ చేతులు ఉబ్బిపోయాయి. ఆమె గాజులు సబ్బు రాసినా జారవు.

"నిన్న మీ ఆయన పాటకి ఏడుపొచ్చేసిందొదినా," అంది పక్కనున్న వీరాయమ్మ. "ఎంత ప్రేమ ఆవిడికి!"

"ఆయ్," అంది పాపాయమ్మ.

మధ్యాహ్నం అన్నాల దగ్గర వీరాయమ్మ ఫోన్ మోగింది. గంగబాబు. ఎప్పుడూ చెయ్యని మనిషి. పాపాయమ్మ ఎంగిలి చేత్తోనే ఫోన్ అందుకుంది.

"ఏమే, బియ్యంలో నీళ్ళు ఎంతదాకా పొయ్యాలి?"

"వేలు పెట్టి చూడండి. బియ్యం పైన రెండు కణుపులు."

"ఎవరి వేలు? నీదా, నాదా?"

"మీదేనండీ. ఇప్పుడెందుకండీ, నేనొచ్చి వండనా?"

"ఆవిడ గురించే ఆలోచిస్తన్నానే పొద్దుట్నించీ," అన్నాడతను. "పాపం, ఎవరూ పెట్టనే లేదు." ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం వ్యానులో కిటికీ పక్కన కూర్చుంటే కునుకు పట్టింది. కొబ్బరితోటలు, కాలవలు, బాతులు, ఒకదానిలోకి ఒకటి కరిగిపోతున్నాయి. ఏటి ఒడ్డున ఆవిడ కూర్చుని ఉంది. పాపాయమ్మ పక్కన చతికిలబడి, "తిన్నారాండీ?" అని అడిగింది. ఆవిడ తల తిప్పింది. తిప్పిన మొహం ఎవరిదో చూసేలోగా వ్యాను ఆగింది.

ఇంకా వెలుతురుంది. అరుగు మీద మంచంలో గంగబాబు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. లేపడం ఎందుకని ఆమె కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది. పీట వేసి ఉంది. పళ్ళెం మీద పళ్ళెం బోర్లించి ఉంది. మూత తీస్తే ముద్దయిన అన్నం, పొద్దుటి పులుసు, ఓ పక్క చెదిరిన గుడ్డట్టు. అన్నానికి కాస్త మాడువాసన.

ఇన్నేళ్ళలో తన కోసం ఎవరైనా మూతపెట్టి ఉంచిన అన్నం అదే. పాపాయమ్మ నెమ్మదిగా, ఒక్క మెతుకు వదలకుండా తింది. చెయ్యి కడుక్కుని అరుగు మీదకి వచ్చింది.

"ఏవండీ, తిన్నానండీ. లేవండి, భజనకి వేళవుతోంది."

పాదం పట్టుకుని కదిపింది. చల్లగా ఉందనిపించింది. తన చేతులే అంత, వాటి మాట నమ్మలేం. వంగి తన చెంప అతని చెంపకి ఆనించింది. అదీ చల్లగానే ఉంది.

భజనవాళ్ళు వచ్చేరు. తలాపున దీపం పెట్టి అతని పాటే పాడేరు. ఒడ్డున ఆవిడ మళ్ళీ ఏడ్చింది. వీరాయమ్మ పాపాయమ్మ భుజం పట్టుకుని, "ఇంటికొచ్చేక ఏమన్నా తిన్నావా ఒదినా?" అని అడిగింది.

"తిన్నాను," అంది పాపాయమ్మ. "ఆయనే పెట్టేరు."

పెరట్లో కుళాయి పక్కన అన్నం గిన్నె ఉంది. అడుగంతా నల్లగా మాడిపోయింది. తోమేటప్పుడు ఆమెకి కష్టం కాకుండా, నానుతుందని అతను పోసిపెట్టిన నీళ్ళు అందులో అంచుదాకా ఉన్నాయి.