ఒకే సాలు చెట్లు

బాధ లేని చోట బాధను వెతకబోవడం వివేకమా, భయమా?

ఉగాదికి ముందు మా అన్న ఓబళప్ప ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయాడు. నడుము నొప్పి అనుకున్నది వెన్నెముకకు పాకిన జబ్బని తెలిసేసరికి చేయడానికేమీ మిగల్లేదు. అప్పటి నుంచి ఈ ప్రశ్నను మోస్తున్నాను. నాకు యాభై ఎనిమిదేళ్లు. ఏ బాధా లేదు. బెంగళూరులో ఇప్పుడొక రక్తపరీక్ష చేస్తున్నారనీ, దానితో ఆ జబ్బును ముందే పసిగట్టవచ్చనీ పావగడ డాక్టరు చెప్పాడు. వెంటనే రెండో వైపూ చెప్పాడు. పరీక్ష పొరపడవచ్చు. జబ్బు నిజంగా ఉన్నా, అది కదలకుండా పడి ఉండి నాతోపాటే ముసలిదైపోవచ్చు. తెలిశాక మాత్రం ఊరుకోవడం కష్టం. ఆపరేషన్ అయిన కొందరికి మూత్రం మీద అదుపు పోతుంది. ప్రాణం దక్కేది ఎవరికో, ఊరికే కోత పడేది ఎవరికో ముందుగా చెప్పలేనన్నాడు. అతని నిజాయితీతో నా అలసట పెరిగింది.

ఈ ఉదయం రోడ్డు పక్క చేనిలో నా భార్య భాగీరథమ్మ ఒక వేరుశనగ చెట్టు పీకి, కాయ చిదిమి చూసింది. వానలేక గింజ కట్టలేదు.

"లొట్ట," అంది. "బస్సొచ్చే పొద్దాయ. పోతావా, పోవా?"

"చూడల్లని పీకితివి. ఆ చెట్టు మళ్లా బతుకుతాదా?"

"బతకదు. చేను సంగతి తెలిసె గదా."

"ఒక చెట్టు పోతే చేనికేం? నాకుండేది ఒకటే ఒళ్లు."

ఆమె వేళ్ల మట్టి దులిపింది. "దేవుడు మీ అన్నను పీకి చూపిచ్చె గదప్పా. మీరిద్దరూ ఒకే సాలులో మొలిచిన చెట్లు. పక్క చెట్టు నువ్వు, ఎట్లుండావో చూసుకోకుండా ఎట్లుంటావు?"

డాక్టరు మనుషులందరి గురించి మాట్లాడాడు. ఈమె ఒక్క ఇంటి గురించి మాట్లాడింది.

"జబ్బుందంటే ఆపరేషను చేపిచ్చుకోని ఉచ్చగుడ్డలతో కూచుంటా. నువ్వే ఉతకల్ల."

"ఇన్నేండ్లూ నీ గుడ్డలు ఎవరుతికినారు, తాసిల్దారా?"

నవ్వడానికి ఓపిక లేకపోయింది.

"రక్తం మటుకే ఇస్తా," అన్నాను. "కత్తి సంగతి ఈడికొచ్చి నీతో మాట్లాడినాకనే. ఆడ ఎవురు తొందరపెట్టినా సరే."

"సరే. చెప్పులేసుకో."

మలుపులో దుమ్ము లేచింది. రోడ్డెక్కి చెయ్యెత్తాను. బస్సు ఆగింది. లోపలికి ఎక్కి బెంగళూరుకు టికెట్టు అడిగాను.