పానాల డబ్బా

ఓల్టేజి పెరిగి ఏసీ కాలిపోయిన రోజే ముత్యానికి జ్వరం వచ్చింది. కరోనా రెండో విడత అది. సూరత్ ఆసుపత్రుల్లో మంచాలు లేక, డిండోలిలోని ఇంట్లోనే, పై అంతస్తు గదిలో పడుకోబెట్టారు.

ఇంటి లోనుతో పాటు బ్యాంకు అంటగట్టిన ఇంటి ఇన్సూరెన్సు ఉంది, ఏసీ కూడా అందులోకే వస్తుంది. నష్టం లెక్కగట్టే కంపెనీ సర్వేయరు ఫణి ఫోన్లోనే చెప్పేశాడు. "నేనొచ్చి చూసేదాకా ఏసీ ముట్టుకోకండి. విప్పితే క్లెయిమ్ రాదు. మీ వైపు కేసులు తగ్గాక వస్తాను."

ముత్యం మరమగ్గాల మెకానిక్కు. చెడిపోయిన మిషను కంటపడితే విప్పకుండా ఉండలేడు.

"జర పానాలియ్యవే భూదేవీ, నేనే బాగుచేసుకుంట. ఉడికిపోతున్న," అని బతిమాలాడు.

భార్య పానాల డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. "జర ఓర్సుకో. కొత్తదే ఇస్తరట," అంది.

ఆ ఉక్కలోనే ముత్యం పోయాడు.

కేసులు తగ్గాక ఫణి వచ్చాడు. టార్చి వేసి ఏసీని నలువైపులా చూసి మురిసిపోయాడు.

"మగ్గాల మెకానిక్ ఇంట్లో స్క్రూ కదలని ఏసీ చూడ్డం ఇదే మొదటిసారమ్మా. మీ ఆయనకి ఎంత ఓపిక!"

"ఆయనకు యాడిది సారూ," అంది భూదేవి. "అడుగుతనే పాణమిడిసిండు. పానాలు నేనే దాచిన."

"మంచి పని చేశారు," అన్నాడు ఫణి, ఫోటో తీసుకుంటూ.