షట్టర్ లేచేదాకా

బేగం బీకి ఇంకా స్నానం కూడా చేయించలేదు, అప్పుడే తెర కట్టడం మొదలుపెట్టారు.

ఆకుపచ్చ గుడ్డ. గట్టు కాలనీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెదురు బొంగులు పాతి, మనిషి ఎత్తుకు మించి కడుతున్నారు. గుడ్డకు అవతల చెరువు పార్కు, రంగురాళ్ళ నడకదారి, హంస బొమ్మల పడవలు. ఇవతల మోకాలి లోతు మురుగునీళ్ళు, వాటిలో తేలుతున్న చెప్పులు, మంచం మీద ఒక శవం.

అమలమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీళ్ళలో నడిచి వెళ్ళి బొంగు పట్టుకుంది.

"ఏంటయ్యా ఇది?"

కడుతున్న మనిషి ఆమోసు. చల్లపల్లి అవతల పల్లె నుంచి వచ్చి ఆ పార్కులో పడవలు చూసుకుంటున్నాడు. "ఫారిన్ వాళ్ళొస్తున్నారమ్మా. ఆఫ్రికా అంట. మన చెరువు చూసి వాళ్ళ ఊళ్ళల్లో కట్టుకుంటారంట."

"రానీ. మమ్మల్ని కూడా చూడనీ."

"అదే వద్దంటున్నారు." ఆమోసు తల ఎత్తలేదు. "నా మీద పడితే ఏమొస్తుంది చెప్పు. నేనూ కూలోణ్ణే."

పెద్ద వరద తర్వాత గట్టు కాలనీ వాళ్ళంతా బెంజ్ సర్కిల్‌లో రోడ్డు మీద కూర్చున్నారు. ఆటో తోలేవాళ్ళు, ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసేవాళ్ళు, మాల్స్‌లో నేల తుడిచేవాళ్ళు. మళ్ళీ మునగకుండా ఏదో ఒకటి చేయమన్నారు. చేశారు. కాలనీ పక్కనుంచి పోయే డ్రెయిన్‌కి అడ్డంగా చెరువు తవ్వారు. దిగువన ఇనుప షట్టర్ పెట్టారు. "వాన నీటికి చోటు" అని బోర్డు రాశారు. వానాకాలమంతా చెరువు ఖాళీగా ఉండాలి, కుండపోత పడితే ఆ నీళ్ళు ఇళ్ళలోకి కాకుండా చెరువులోకి పోవాలి. అదీ లెక్క.

కానీ ఖాళీ చెరువు ఫొటోల్లో బురదగుంటలా కనిపిస్తుంది. కాంట్రాక్టర్ సాయిగణేష్ షట్టర్ దించి తాళం వేయించాడు. చెరువు నిండింది. పడవలు దిగాయి.

కాలనీ సంతోషించింది. అదే వాళ్ళు చేసిన తప్పు. సాయిగణేష్‌కి దండ వేశారు. రంజాన్ సాయంత్రాలు, క్రిస్మస్ సెలవులు అక్కడే గడిపారు. బేగం బీ రోజూ అమలమ్మను వెంటేసుకెళ్ళి బెంచీ మీద కూర్చునేది. ఉడికించిన శనగలు తింటూ, "నిండుగా ఉంటే కళ్ళకి ఎంత చల్లగా ఉందే అమలా" అనేది. వానాకాలంలో ఎందుకు నిండుగా ఉందని ఆ ఇద్దరూ అడగలేదు. కాలనీలో ఎవ్వరూ అడగలేదు.

నిన్న రాత్రి వాన పడింది. నిండిన చెరువులో చోటు లేదు. డ్రెయిన్ వెనక్కి తన్నింది. తెల్లారేసరికి నీళ్ళు ఇళ్ళలో ఉన్నాయి. బియ్యం మూట మంచం మీదికి ఎత్తబోయి బేగం బీ నీళ్ళలో పడి ఉన్న ఫ్రిజ్ వైరు తొక్కింది. పొలికేక అమలమ్మ ఇంటి దాకా వినిపించింది. ఒక్కటే కేక.

*

కాలనీలో తడవని చోటు ఒక్క చర్చి వసారానే. అమలమ్మే తాళం తీసింది. అక్కడే చుట్టూ దుప్పట్లు పట్టుకుని బేగం బీకి స్నానం చేయించారు, తెల్లబట్ట చుట్టారు. కూతురు జుబియా ఏడవలేదు. తల్లి జుట్టు దువ్వి మూడు పాయలు చేసి, అలాగే చూస్తూ ఉండిపోయింది.

బయట మెట్ల మీద జనం గుమిగూడారు. సాయిగణేష్ వచ్చాడు. బూట్లకి ప్లాస్టిక్ సంచులు కట్టుకున్నాడు.

"ఖాలిక్, అమ్మ పోయినందుకు నాకూ బాధగానే ఉంది. వ్యాన్ తెప్పించాను. మెయిన్ రోడ్డు మీదుగా తీసుకెళ్ళిపోండి. ఈ పూట గట్టు దారి వద్దు."

ఖాలిక్ బేగం బీ కొడుకు, వెల్డర్. "మా వాళ్ళందరూ గట్టు మీదుగానే పోయారండి. ఖబరస్థాన్‌కి అదే దారి."

"ఆ దారి మీద గెస్టులుంటారయ్యా."

"గెస్టులుంటే మనిషి చావకూడదాండీ?" వెనక నుంచి ఎవరో అన్నారు.

"ముందు షట్టర్ ఎత్తండి సార్," అంది అమలమ్మ. "మబ్బు చూడండి ఎలా ఉందో. ఇంకో వాన పడితే ఇంకెంతమందిని వ్యాన్ ఎక్కిస్తారు?"

"వాళ్ళు చూసి వెళ్ళాక ఎత్తిస్తానమ్మా. సాయంత్రం."

"మధ్యాహ్నం వాన పడితే?"

సాయిగణేష్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వాదన మొదలైంది. వ్యాన్ ఎక్కిద్దామన్నారు కొందరు. పోలీసులొస్తారన్నారు. పోయిన మనిషిని గొడవల్లోకి లాగొద్దన్నారు. ఖాలిక్ తల పట్టుకుని కూర్చున్నాడు.

"పిన్నీ, అమ్మీని ప్రశాంతంగా పంపనివ్వండి."

"ప్రశాంతంగా పోయిందా రా మీ అమ్మ?" అంది అమలమ్మ. "ఆమెని దొంగదారిన పంపితే ఈ చావు లేనట్టే. అప్పుడు రేపు చచ్చేవాళ్ళూ లేనట్టే."

మసీదు పెద్ద నాసిర్ లేచాడు. "గట్టు దారినే పోదాం. మగవాళ్ళు మోస్తారు. ఆడవాళ్ళు ఈ మెట్టు దాటొద్దు. అది పద్ధతి."

*

జనాజా లేచింది. ఆ పాడె ఒకరి భుజం మీద ఎక్కువసేపు ఉండదు. నాలుగడుగులు వేసి పక్కవాడికిస్తారు, అతను ఇంకొకడికి. పోయిన మనిషికి భుజం ఇవ్వడం పుణ్యం. గట్టు కాలనీలో చర్చి వాళ్ళూ ఇస్తారు, మసీదు వాళ్ళూ శవపేటికకి ఇస్తారు. ఎప్పటినుంచో అంతే.

తెర దగ్గర పోలీసులు నిలబడి ఉన్నారు. సీఐ చెయ్యి అడ్డం పెట్టాడు.

"పర్మిషన్ లేదు. వెనక్కి తిప్పండి."

"శవానికి పర్మిషనేంటి సార్," అన్నాడు ఖాలిక్, నడుస్తూనే.

అతన్ని లాగారు. ఆ ఖాళీలోకి ఇంకో భుజం వచ్చింది. అతన్నీ లాగారు. మరొకటి వచ్చింది. గుడ్డ చిరిగింది, బొంగులు వాలాయి, జనాజా గట్టు మీదికి ఎక్కింది. పోలీసు వ్యాన్లు నిండుతున్నాయి. కలిమా చదివే గొంతులు వ్యాన్ల లోపలి నుంచి కూడా వినిపిస్తున్నాయి. చివరికి ముసలివాడని వదిలేసిన నాసిర్, ఇంకో ముగ్గురు ముసలివాళ్ళు మిగిలారు. పాడె ఒక పక్కకి ఒరిగింది.

నాసిర్ పాడె కర్ర రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయన వెనక్కి చూశాడు. ఆడవాళ్ళు మెట్టు దాటి ఎప్పుడో గట్టెక్కేశారు.

"జుబియా," అన్నాడు. "పట్టుకో తల్లీ."

జుబియా భుజం పెట్టింది. ఇటు పక్క అమలమ్మ. బేగం బీ ఇంత తేలికగా ఉందేమిటని అమలమ్మ మనసు గతుక్కుమంది. రోజూ బెంచీ మీంచి లేవడానికి తన భుజమే పట్టుకునేది. అప్పుడు ఎంత బరువో.

లేడీ కానిస్టేబుళ్ళు ఇద్దరే ఉన్నారు. ఆడవాళ్ళు కాలనీ అంత ఉన్నారు.

నడకదారి మీద ఆఫ్రికా అతిథులు ఆగిపోయారు. నీలం తలపాగా కట్టుకున్న ఒక పెద్దావిడ ముందుకొచ్చి ఏదో అడిగింది. వాళ్ళకి దుభాషిగా శ్రీదుర్గ అనే కాలేజీ పిల్ల వచ్చింది. సాయిగణేష్ ఆమె చెవి దగ్గరకు వంగాడు. "పెద్ద వయసు, గుండెపోటని చెప్పు."

శ్రీదుర్గ అమలమ్మ వైపు చూసింది. "అమ్మా, ఆవిడ ఎలా పోయారు?"

"ఈ చెరువు నింపి చంపారమ్మా," అంది అమలమ్మ.

శ్రీదుర్గ ఆ మాటే ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు.

పెద్దావిడ చెరువు వైపు చూసింది. దించిన షట్టర్ చూసింది. మెల్లగా ఏదో అంది. శ్రీదుర్గ తెలుగులో చెప్పింది: "వాళ్ళ ఊరు సముద్రం పక్కన అంటండి. వాళ్ళ పేటకీ తెర కట్టారంట, పోయినేడు. చూడ్డానికి మన దేశం వాళ్ళే వెళ్ళారంట."

ఆవిడ రెయిలింగ్ దాటి వచ్చింది. జుబియా పక్కన భుజం పెట్టి నాలుగడుగులు వేసింది. ఐదో అడుగుకి వాళ్ళ వాళ్ళొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. బస్సు అతిథుల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. కెమెరాలూ వెళ్ళిపోయాయి. అప్పుడు మొదటి చినుకు పడింది.

షట్టర్ పైనున్న వంతెన మధ్యలో అమలమ్మ ఆగింది.

"ఇది లేచేదాకా కదలొద్దు."

"మట్టికి ఆలస్యం చేయకూడదమ్మా," అన్నాడు నాసిర్, బతిమాలుతున్నట్టు. అందరూ జుబియా వైపు చూశారు. పోయింది ఆమె తల్లి.

"నిలబడదాం చాచా," అంది జుబియా. "అమ్మీ ఎవర్నీ తొందరపెట్టేది కాదు."

నిలబడ్డారు. భుజం మారుతోంది, పాడె కదలడం లేదు. చినుకు వానైంది. తెల్లబట్ట తడిసింది. సీఐ అరుస్తున్నాడు. పాడె మీద చెయ్యి వేయడానికి మాత్రం ఏ కానిస్టేబులూ ముందుకు రాలేదు.

పడవల షెడ్డు వైపు నుంచి ఆమోసు వచ్చాడు. ఒక చేతిలో గడ్డపార. ఇంకో చేతిలో షట్టర్ తిప్పే ఇనుప హ్యాండిల్.

"ఆమోసూ, ఉద్యోగం పోద్ది," అన్నాడు సాయిగణేష్.

"పోనీండి." గడ్డపారతో గొలుసు తెంపాడు. హ్యాండిల్ బిగించి తిప్పాడు. ఒక్కడి వల్ల కాలేదు. ఆడవాళ్ళు చేతులు వేశారు. కీచుమంటూ ఇనుము లేచింది. చెరువు ఒక్క ఉదుటున కిందికి దూకింది.

ఆ చప్పుడు మీదుగా బేగం బీ ఖబరస్థాన్‌కి వెళ్ళింది. మన్ను వేసిన చేతులు కడుక్కోకముందే అమలమ్మను, జుబియాను, ఆమోసును అరెస్టు చేశారు.

*

స్టేషన్ బల్ల మీద చేతుల మన్ను ఎండుతోంది. బయట వాన ఆగలేదు.

"హ్యాండిల్ ఏదీ?" సీఐ అప్పటికి చాలాసార్లు అడిగాడు. "షట్టర్ దించాలి. ఎవరి దగ్గరుంది?"

"ఇందాక నా చేతిలో ఉందండి," అన్నాడు ఆమోసు. "పక్కనున్నామెకిచ్చాను."

"ఆమె ఎవరికిచ్చింది?"

"పక్కామెకి," అంది అమలమ్మ. "మా కాలనీలో అంతేనండి. ఎవరమూ ఎక్కువసేపు మొయ్యం."

గేటు బయట గొడుగులు కనిపిస్తున్నాయి. గట్టు కాలనీవే కాదు, డ్రెయిన్ వెంట ఉన్న మిగతా పేటలవి కూడా. కంకిపాడు వైపు నుంచి ఆటోలు వచ్చాయని కానిస్టేబుల్ సీఐ చెవిలో చెప్పాడు.

జుబియా అమలమ్మ వైపు తిరిగి అడిగింది: "పిన్నీ, ఇంట్లోకి మళ్ళీ నీళ్ళొచ్చి ఉంటాయా?"

కిటికీ ఊచల దగ్గరకొచ్చిన శ్రీదుర్గ ఆ మాట విన్నది. మెడలో పొద్దుటి దుభాషి బ్యాడ్జి లేదు.

"లేదండి. నేను చూసే వచ్చాను. గడప బయటే ఆగిపోయాయి. మీ అమ్మగారి మంచం కింద నేల ఆరుతోంది."

జుబియా తల వంచుకుంది. అప్పటిదాకా ఆగిన ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. అమలమ్మ దగ్గరికి జరిగి భుజం ఇచ్చింది.